గంట లేని కొమ్మ

తాచుపాము పగ పన్నెండేళ్ళంటారు. అది పాముల సంగతి. శీతల గిడ్డంగి ఆఫీసులో కూర్చుని కంప్యూటర్ కోడు రాసే తాచు విషయంలో పన్నెండేళ్ళంటే పగకు ఇంకా పాలపళ్ళు ఊడని వయసు.

ఆ పేరు పెట్టింది సొంత అన్నే. చిన్నప్పుడు బడిలో పక్క బెంచీ పిల్ల ఈమె పెన్సిలు విరగ్గొట్టింది. ఈమె ఏడవలేదు, కొట్టలేదు, టీచరుకు చెప్పలేదు. ఆ పిల్ల పెరిగి పెద్దదై పెళ్ళి చేసుకునేదాకా ఆగింది. పెళ్ళికి వెళ్ళి, రంగుకాగితం చుట్టిన పెట్టె ఆమె చేతిలో పెట్టి, పక్కన నిలబడి ఫొటోకు నవ్వి, సుష్టుగా భోంచేసి వచ్చింది. పెట్టె నిండా పెన్సిళ్ళు. ఒక్కొక్కటీ సరిగ్గా నడిమికి విరిచినవి. వాటి భావమేమిటో చెప్పమని ఆ మొగుడు ఇప్పటికీ పెళ్ళాన్ని అడుగుతూనే ఉన్నాడట. మరోసారి, జుట్టు వంకరగా కత్తిరించిన సెలూనువాడి మీద పగబట్టి మోకాళ్ళదాకా జుట్టు పెంచింది. రోజూ విరబోసుకుని అతని కొట్టు ముందు నుంచే నడిచేది. గాలి వీచిన రోజుల్లో ఆ జుట్టు ఎగిరివెళ్ళి కొట్టు బోర్డును తుడిచేదనీ, తుడిచి తుడిచి అక్షరాలు అరిగిపోయాయనీ, అతను విసిగి గడియారాల రిపేరులోకి దిగాడనీ ఆ వీధిలో చెప్పుకుంటారు. అందులో సగం తీసేసినా మిగిలింది తక్కువేమీ కాదు.

ఇలాంటి మనిషున్న ఇంట్లోకి వదినగా అడుగుపెట్టడమే సాహసం. ఆ వచ్చినావిడ, తెలియక, ఇంకో సాహసం కూడా చేసింది. కాపురానికొచ్చిన మొదటి వారంలోనే ఆడపడుచు ప్రాణంగా చూసుకునే నీలం చొక్కాను పాతగుడ్డ అనుకుని చింపి ఇల్లు తుడిచింది. అంతే. ఆనాటి నుంచి ఒకే బల్ల దగ్గర తింటూ కూడా తాచు ఆవిడతో సూటిగా ఒక్క మాట మాట్లాడలేదు.

"అన్నయ్యా, ఆ ఉప్పు డబ్బా ఇటు జరపమని చెప్పు" అనేది. డబ్బా వదిన మోచేతి పక్కనే ఉండేది.

వదిన మాత్రం తక్కువ తిన్నదా! "ఏవండీ, జరపనని చెప్పండి" అనేది.

మధ్యలో ఆ అన్న, ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసి మోసి, మోతకూలీలా నడుం వంగిపోయాడు.

ఇద్దరు ఆడవాళ్ళూ పనిచేసేది ఒకే గిడ్డంగిలో. కింద అంతస్తులో పొడవాటి నడవ, ఆ నడవకు ఒకవైపు వరసగా చలిగదులు. ఎండ మండిపోతున్నా అక్కడి కూలీలు ఉన్నికోట్లు వేసుకుని తిరుగుతారు. తలుపు తెరిస్తే పొగలాంటి తెల్లటి చలి కాళ్ళకు చుట్టుకుంటుంది. ప్రతి తలుపు మీదా లోపలి చలిని చూపే ముల్లు ఒకటి ఉంటుంది. నడవ చివర చిన్న గదిలో వదిన కుర్చీ. చలిగదిలో వేడి పెరిగితే కంప్యూటర్ గంట మోగిస్తుంది. గంట మోగగానే వదిన లేచి రెండో శీతల యంత్రం స్విచ్చి వేయాలి. స్విచ్చి దగ్గర నుంచి కదలకూడదని రూలు. గంట ఎప్పుడో గానీ మోగదు కాబట్టి వదిన అక్కడ కూర్చుని సాక్సులు అల్లుతుంది. పై అంతస్తులో ఆఫీసు. గిడ్డంగి నడిచే ప్రోగ్రాములన్నీ అక్కడే రాస్తారు. తాచుది లారీల రాకపోకల ప్రోగ్రాం. గంట మోగించే ప్రోగ్రాం మాత్రం పెద్దతలకాయది.

పెద్దతలకాయ అంటే అక్కడి కోడు రాసేవాళ్ళందరికీ పెద్ద. ముఖం మీద "గురువుగారూ" అంటారు, వీపు తిరిగాక ఈ పేరు. తలలో అంత ఉందో లేదో గానీ, ఉందన్న నమ్మకానికి మాత్రం ఆ తల చాలేది కాదు. ఆయనకు రెండు పట్టింపులు. ఒకటి, స్క్రీన్ల మీద రంగులుండకూడదు. మామూలుగా కోడు రాసే చోట యంత్రం చదివే వరసలు ఒక రంగులోనూ, మనుషుల కోసం రాసుకునే వివరణలు మరో రంగులోనూ కనబడతాయి. "రంగులు చూసి చదవడానికి ఇదేమన్నా బాలశిక్షా?" అని ఆయన ఆఫీసులో అందరికీ తీయించేశాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, అంతే. రెండోది, రాసిన కోడును యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ ఇచ్చే హెచ్చరికలు. వాటి నోరు కూడా నొక్కేశాడు. "తప్పయితే ఆగిపోతుంది, ఆగలేదంటే తప్పు కాదు. మధ్యలో ఈ సణుగుడేమిటి?" అనేవాడు.

ఎండలు ముదిరిన ఓ మధ్యాహ్నం మొదటి శీతల యంత్రం ఆగిపోయింది. వేడి పెరిగింది. వేసవంతా అమ్మాల్సిన ఐస్‌క్రీమ్ కరిగి, తలుపుల కింద నుంచి రంగురంగులుగా పాకి, నడవలో ఒకటై, గుమ్మం మెట్లు దిగి వీధిలోకి నడిచింది. ఆ వారం వీధికుక్కలు రొట్టెముక్క ముట్టలేదు. చీమలు పొరుగూళ్ళ నుంచి చుట్టాలను పిలిపించుకున్నాయి. ఇంత జరుగుతున్నా, నడవ కనబడని తన గదిలో వదిన కుర్చీలోంచి లేవలేదు. స్విచ్చి వేయలేదు.

"గంట మోగలేదండీ" అంది ఆవిడ, గిడ్డంగి ఓనరమ్మ ముందు నిలబడి. గులాబీ రంగు నీళ్ళు ఇంకా ఆవిడ చెప్పుల్లోంచి కారుతున్నాయి.

పెద్దతలకాయ కంప్యూటర్ రికార్డు తెరిచాడు. వేడి పెరిగిన క్షణం ఎదురుగా "గంట మోగింది" అని స్పష్టంగా ఉంది.

"యంత్రానికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముందమ్మా?" అన్నాడాయన చాలా మెత్తగా. "దానికేమన్నా ఉద్యోగం పోతుందా? మంచి నిద్ర పట్టినట్టుంది. చల్లటి చోటు కదా, తప్పులేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఓనరమ్మ నవ్వలేదు. శుక్రవారం సాయంత్రం అందరి ముందూ విచారణ పెడతాననీ, ఈలోగా వేరే కారణం తేలకపోతే 'విధుల్లో నిద్ర' అని రాసి పంపించేస్తాననీ చెప్పింది. ఆ రెండు మాటలు పడ్డాక ఇక ఏ గిడ్డంగీ, ఏ ఫ్యాక్టరీ కాపలా కుర్చీ ఇవ్వదు. వదినకు తెలిసిన పని అదొక్కటే. వదిన కుర్చీలో తాత్కాలికంగా, మీసాలు నెరిసిన ఓ కొత్త మనిషిని కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం వంటింట్లో తాచు తలుపుకు ఆనుకుని నిలబడింది.

"నిద్రపోయావా?" అంది.

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. అన్న అలవాటు కొద్దీ నోరు తెరిచి, మోయడానికి మాటేమీ లేక మూసుకున్నాడు.

"నన్నేనా అడుగుతున్నది?"

"మరి గోడనా?"

"పోలేదు. సాక్సు మడమ తిప్పుతున్నా. మడమ తిప్పేటప్పుడు కన్ను మూతబడితే అది సాక్సవదు, సంచి అవుతుంది."

"చూపించు."

వదిన సాక్సు తెచ్చి చేతిలో పెట్టింది. తాచు దాన్ని దీపం కిందికి పట్టి, లోపలికి వేళ్ళు దూర్చి, తిరగేసి మరగేసి చూసింది. ఒక్క కుట్టు జారలేదు. సాక్సు తిరిగిచ్చేసి పళ్ళు నూరడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి పక్కింటివాళ్ళు పిండిమర కొన్నారేమో అనుకున్నారు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నాడు అన్న. "ఇన్నేళ్ళూ ఆవిడ మొహం చూసి మాట్లాడావా? ఇప్పుడెందుకీ ఆవేశం?"

"నా చొక్కా చింపిన మనిషి. ఆవిణ్ణి ఏడిపించే హక్కు నాది. ఇన్నేళ్ళుగా వరసలో నించున్నాను. వాడెవడు మధ్యలో దూరడానికి?"

"ఏవండీ, చెప్పండి మీ చెల్లెలికి" అంది వదిన పొయ్యి వైపు తిరిగి. "అది చొక్కా కాదు, జల్లెడ."

మర్నాడు తాచు నిప్పు తొక్కిన కోతిలా ఆఫీసులో అడుగుపెట్టి, ముందూ వెనకా చూడకుండా ఓనరమ్మ గదిలోకి దూసుకెళ్ళింది. గంటే పాడైందనీ, అందరి ముందూ మోగించి చూపమనీ సవాలు విసిరింది. ఆఫీసంతా కిందికి దిగింది. పెద్దతలకాయ గోడ మీది పరీక్ష బటన్ నొక్కాడు. గంట మోగింది. మామూలుగా మోగడం కాదు, చలిగదుల తలుపులు వణికాయి, ఒక కూలీ చేతిలో టీ గ్లాసు తనంతట తానే నేలమీదికి దూకింది.

"వినపడిందామ్మా?" అన్నాడు పెద్దతలకాయ చెవుల మీంచి చేతులు తీస్తూ. "మీ వదినగారిని చెవుల డాక్టరుకు చూపించు. నువ్వు కూడా తోడు వెళ్ళు."

అందరూ నవ్వారు. తాచు నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. ఆ బటన్ తీగ నేరుగా గంటకు పోతుందనీ, దాన్ని నొక్కితే ప్రోగ్రాంతో పనే లేదనీ మెట్లెక్కుతున్నప్పుడు గానీ ఆమెకు తట్టలేదు. అప్పటికి నవ్వినవాళ్ళు నవ్వేసి కుర్చీల్లో కూర్చున్నారు. ఇప్పుడు పగ వదిన కోసం మాత్రమే కాదు. ఆ నవ్వు కోసం కూడా. ఆయన్ను ఊరికే తప్పు ఒప్పించడం చాలదు. అదే జనం ముందు, అదే నోటితో చదివించాలి.

గంట ప్రోగ్రాం ఫైలు తెరిచి పై నుంచి కిందికి చదివింది, కింద నుంచి పైకి చదివింది. ఎండిన చెరువులో చేపలు పట్టినట్టయింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. వేడి పెరిగిందా అని చూసే వరస ఉంది. రికార్డులో 'గంట మోగింది' అని రాసే వరస ఉంది. దాని కింద గంట మోగించే రింగ్‌బెల్ అనే వరస ఉంది. దాని కింద కాసేపు ఆగమనే వరస ఉంది. ఒక్కో వరస నెత్తిన ఒక్కో కామెంట్, అంటే మనుషుల కోసం రాసిన చిన్న వివరణ. చదివి చదివి కళ్ళు బూరెల్లా ఉబ్బాయి గానీ తప్పు కనబడలేదు.

శుక్రవారం ఉదయం ఆమె పద్ధతి మార్చింది. తన లారీల పనిలో పాత కోడు మార్చాల్సి వచ్చినప్పుడు వాడే పనిముట్టు ఒకటుంది. నల్ల తెర మీద ఒక్క కమాండ్ కొడితే చాలు, ఏ ఫైలునైనా చెట్టులా విప్పి చూపిస్తుంది. మనిషి ఏం రాశాడన్నది కాదు, యంత్రం దాన్ని ఎలా అర్థం చేసుకుందన్నది ఆ చెట్టు. వేరు పైన, కొమ్మలు కింద, తలకిందులుగా వేలాడే చెట్టు. ప్రతి షరతూ ఒక కొమ్మ, ప్రతి పనీ ఒక రెమ్మ, ప్రతి ఆకు పక్కనా అది ఏ వరసలో మొదలై ఏ వరసలో ముగిసిందో ఉంటుంది. పెద్దతలకాయ రాసిన ఫైళ్ళన్నిటి మీదా దీన్ని వదిలి, గంటతో సంబంధమున్న ప్రతి రెమ్మనూ ఏరి, ఎక్కడ పుచ్చు కనబడినా పట్టుకుని ఈడ్చేద్దామని ఆమె పథకం.

ముందు మామూలు వెతుకులాట చేసింది: రింగ్‌బెల్ అనే మాట ఎక్కడుంది? ఒక చోట ఉందని వచ్చింది. అదే ప్రశ్న చెట్టును అడిగింది: రింగ్‌బెల్ అనే పని ఎక్కడ జరుగుతోంది?

ఎక్కడా లేదు.

ప్రశ్న తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టింది. ఎక్కడా లేదు. పనిముట్టును తిట్టింది, దాన్ని చేసినవాణ్ణి తిట్టింది, వాడి ఏడు తరాలనూ వరసపెట్టి తిట్టింది. తర్వాత ఆ ఫైలు చెట్టు మొత్తం తెర మీద పరిచి, వేలుతో కొమ్మకొమ్మా దిగింది. వేడి పెరిగితే అన్న కొమ్మ దొరికింది. దాని కింద రికార్డు రాసే రెమ్మ ఉంది. ఆగమనే రెమ్మ ఉంది. ఆ రెంటి మధ్య గంట ఉండాల్సిన చోట ఒకే ఒక ఆకు, కామెంట్ అని పేరు. మిగతా కామెంట్లన్నీ మొదలైన వరసలోనే ముగిశాయి. ఈ ఒక్కటి మాత్రం మూడో వరసదాకా సాగింది. మేకను మింగి కదల్లేక పడుకున్న కొండచిలువలా ఉంది.

తాచు ఫైలు తెరిచి ఆ వరస దగ్గర ముక్కు ఆనించింది. కామెంటుకు మొదట ఒక గుర్తు, చివర ఒక గుర్తు పెట్టాలి. ఆ రెంటి మధ్యా ఏమున్నా యంత్రం చదవదు. 'తర్వాత గంట మోగించు' అన్న కామెంటుకు మొదటి గుర్తుంది. చివరిది పెట్టడం మరిచారు. దాంతో యంత్రం దృష్టిలో ఆ కామెంట్ ముగియలేదు. కింది వరసలోని గంటను కూడా మింగేసి, ఆ కిందనున్న కామెంట్ చివర గుర్తు కనబడ్డాక గానీ నోరు మూయలేదు. గంట కళ్ళకు కనబడుతోంది, యంత్రానికి కనబడటం లేదు. రంగులుంటే ఆ వరస వెలిసిపోయినట్టు కనబడి చిన్నపిల్లయినా పట్టేది. హెచ్చరికలకు నోరుంటే కంపైలర్ అరిచి గీపెట్టేది.

ఇంకో కమాండ్ కొట్టి ఆ కామెంట్ పెట్టిందెవరో చూసింది. కిందటి చలికాలంలో, వరసవరసకూ వివరణ ఉండాలని ఓనరమ్మ అన్నప్పుడు, గురువుగారే స్వహస్తాలతో అలంకరించారు. ఆ ఆఫీసులో ఒక ఆచారముంది. కామెంట్లు మాత్రమే మారితే ఎవరూ పరీక్షించరు. "కామెంట్లే కదా, యంత్రం వాటి జోలికి పోదు కదా!" ఆ 'కదా'ల మీదుగానే ఐస్‌క్రీమ్ వీధిలోకి నడిచింది.

తాచు కుర్చీలో వెనక్కి వాలింది. గంటను మూగ చేసిన మనిషి, గంట మోగిందని రికార్డులో రాయించి, ఆ రికార్డునే సాక్ష్యంగా పెట్టి మా మనిషికి నిద్ర అంటగట్టాడు! ఇప్పుడే వెళ్ళి చెబితే ఆయన ఆ గుర్తు చప్పుడు కాకుండా పెట్టేసి, "ఏదో చిన్న పొరపాటు" అని దులిపేసుకుంటాడు. అలా కుదరదు. సాయంత్రం దాకా ఆగాలి. నిండు సభలో, నవ్విన ప్రతి మూతీ అక్కడున్నప్పుడు. వదినకు మాత్రం ఫోన్ చేసి గుసగుసగా అంతా చెప్పింది.

అవతల ఆనందం వినబడుతుందనుకుంది. వినబడింది వేరు.

"ఇప్పుడా కుర్చీలో ఎవరున్నారే?"

"ఎవరో కొత్తాయన. మీసాలాయన."

"గంట ఇప్పటికీ మూగదేగా?"

తాచు ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చింది.

"నీ పగ చల్లారడానికి ఆ ముసలాయన ఉద్యోగం కూడా కరగాలా? సాయంత్రం దాకా నోరు మూసుకుంటానంటే మూసుకో. కానీ కిందికి పోయి ఆ ముళ్ళ ముందు నించో. వేడెక్కితే నువ్వే గంటవై అరువు. లేదంటే ఇప్పుడే ఓనరమ్మకు నేనే ఫోన్ చేస్తా. నీ నిండు సభ అప్పుడు కంచికే."

ఈవిడ అప్పుడు చొక్కా చింపింది, ఇప్పుడు పగను కూడా చింపేలా ఉందే అని గొణుక్కుంటూ తాచు ఉన్నికోటు తొడుక్కుని కిందికి దిగింది. మధ్యాహ్నమంతా నడవలో అటూ ఇటూ తిరుగుతూ తలుపుల మీది ముళ్ళను చూసింది. చలికి ముక్కు చివర చుక్క వేలాడింది. కాలి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. కొత్తాయన పాపం జాలిపడి, "ఏమ్మా, పైన పని లేదా?" అని అడిగాడు. "ఇదే పని బాబాయ్" అంది. ఒక్కో ముల్లునూ చూస్తూ, సాయంత్రం ఏ మాట తర్వాత ఏ మాట అనాలో పదును పెట్టుకుంది. ఒకసారి ఒక ముల్లు కొంచెం కదిలినట్టనిపించి దాని దగ్గరికి పరిగెత్తింది. కూలీలు తలుపు తీసి పెట్టెలు మోస్తున్నారంతే. తలుపు మూయగానే అది దిగింది.

సాయంత్రం పెద్ద హాలు నిండింది. గోడ మీద పెద్ద తెర. ఓనరమ్మ నడుమ కూర్చుంది. వదిన ఒక మూల, చేతులు కట్టుకుని. పెద్దతలకాయ ముందు వరసలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు.

"గురువుగారూ, చిన్న సందేహం" అంది తాచు, నోట్లో తేనె పోసుకున్నట్టు. "రింగ్‌బెల్ ఎక్కడుందో చూపిస్తారా?"

"ఇదిగో." ఆయన ఫైలులో ఆ వరస మీద వేలు పెట్టాడు. "చదవడం వచ్చినవాళ్ళందరికీ కనబడుతుంది."

"నాకు చదవడం అంతంత మాత్రమేనండీ. యంత్రం ఎలా చదువుతుందో అడుగుదాం." కమాండ్ కొట్టింది. తెర నిండా చెట్టు పరుచుకుంది. "ఇదే మీ ఫైలు. ఈ కొమ్మ, వేడి పెరిగితే ఏం చేయాలో చెప్పే కొమ్మ. దీని కింద ఏమేం ఉన్నాయో కొంచెం పైకి చదవండి."

"నేనెందుకు చదవాలి?"

"చదవండి" అంది ఓనరమ్మ.

"రికార్డు రాయడం" అన్నాడాయన. "తర్వాత... కామెంట్. తర్వాత ఆగడం."

"గంటో?"

ఆయన తెర దగ్గరికి వెళ్ళాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు. నిజంగానే గంట కోసం వెతికాడు, తాళంచెవి పోగొట్టుకున్నవాడు జేబులు తడుముకున్నట్టు.

"నీ పనిముట్టు పాడైంది" అన్నాడు చివరికి.

"అయ్యుంటుందండీ, పేదరాలి పనిముట్టు." ఫైలులో కామెంట్ చివర మరిచిపోయిన గుర్తు పెట్టింది. అదే కమాండ్ మళ్ళీ కొట్టింది. కొండచిలువ మేకను కక్కేసింది. కామెంట్ పొట్టిదైపోయి, దాని కింద రింగ్‌బెల్ అనే రెమ్మ తళతళా మొలిచింది. "ఇప్పుడు మాత్రం బాగయినట్టుంది. ఏమంటారు?"

వెనక వరసలో ఎవరో గట్టిగానే నవ్వారు. ఓనరమ్మకు చెట్లూ కొమ్మలూ తెలియవు. కానీ ఒక చోట లేనిది ఇంకో చోట మొలవడం చూసింది. "అంటే ఆ రోజు యంత్రం గంట మోగించకుండానే మోగించానని రాసుకుందా?" అంది.

"అవునండీ. అబద్ధమాడాల్సిన అవసరం దానికేముంది? పాపం, ఎవరో ఆడించారు."

"ఎవరు?"

"పిల్లలెవరో చేసుంటారు" అన్నాడు పెద్దతలకాయ తొందరగా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. "కామెంట్ మార్పు కదా, దాన్నెవరూ పెద్దగా..."

తాచు ఇంకో కమాండ్ కొట్టింది. ఆ వరస పక్కన మార్చినవారి పేరు వచ్చింది. "నా కళ్ళు ఉబ్బిపోయాయండీ, మీరే చదవాలి" అంది. ఆయన చదవలేదు. మొహం కరిగిన ఐస్‌క్రీమ్ రంగుల్లో ఒక్కొక్కటే మారింది. చదవమని ఓనరమ్మ రెండోసారి అన్నాక, తన పేరు తానే, ఎవరో పోయినవాళ్ళ పేరు చదివినట్టు చదివాడు.

తాచు ఆ క్షణాన్ని చప్పరించింది. వదినకు క్షమాపణ, ఉద్యోగం, పోయిన రోజుల జీతం అన్నీ వరసగా వచ్చిపడ్డాయి. అవేవీ ఆమెకు వినబడలేదు. "ఈయన్ని తీసేయాలి" అంది. "నిద్ర అన్న మాట రాసి పంపాలి. మెలకువగా ఉండి నిద్రపోయాడు కాబట్టి."

ఓనరమ్మ వదిన వైపు తిరిగింది. "మాట పడింది మీరు. మీరు చెప్పండి."

వదిన మూలలోంచి నింపాదిగా వచ్చింది. "తీసేస్తే ఇంకో చోట ఇంకో గంట మింగుతాడండీ. ఉండనివ్వండి. కానీ ఈ కామెంట్ల అలంకారం ఒక్క ఫైలుకే జరగలేదుగా? వాటన్నిటి చెట్లూ చూసి, బాగున్నాయని తేలేదాకా నేను ఆ గంటను నమ్మను. అందాకా ఈయన కింద నడవలో ముళ్ళ ముందు కూర్చోవాలి. వేడెక్కితే నోటితో అరవాలి. నేను నా గదిలో ఉంటాను. వినబడితే లేస్తాను."

హాలు ఒక్క ఊపిరి పీల్చింది. తాచుకు మొదట మంటెత్తింది, తన పగను ఎవరో తన చేతుల్లోంచి లాక్కున్నట్టు. తర్వాత నెమ్మదిగా, ఆ శిక్ష ఎంత రుచిగా ఉందో నాలుక మీద తెలియసాగింది. ఇంతకన్నా ముందు తనకెందుకు తట్టలేదా అని కుళ్ళుకుంది కూడా.

"ఆ చెట్లు చూసేదెవరు?" అంది ఓనరమ్మ.

"ఇంకెవరు? నా ఆడపడుచు" అంది వదిన.

సోమవారం నుంచి పెద్దతలకాయ ఉన్నికోటు వేసుకుని నడవలో స్టూలు మీద కూర్చున్నాడు. కూలీలు పెట్టెలు మోస్తూ "గురువుగారూ, కాళ్ళు కొంచెం" అంటూ దాటిపోయేవారు. మీసాలాయనకు లెక్కలగదిలో పని దొరికింది. వెళ్తూ వెళ్తూ ఆయన తన మఫ్లరు గురువుగారికి ఇచ్చిపోయాడు. ఓ పట్టపగలు ఎవరో ఒక తలుపు సరిగా మూయలేదు. ముల్లు కదిలింది. పెద్దతలకాయ చుట్టూ చూసి, సిగ్గుతో, గొంతు తగ్గించి "గంట" అన్నాడు.

గదిలో అల్లికసూదుల చప్పుడు ఆగలేదు.

"గంట అంటున్నానమ్మా!"

"రికార్డులో పడిందేమో గానీ గురువుగారూ, నాకు వినబడలేదు" అంది వదిన గదిలోంచి.

అప్పుడాయన అరిచాడు. ఆ అరుపుకు కప్పు మీది పావురాలు లేచిపోయి ఇప్పటిదాకా తిరిగి రాలేదు. వీధి చివర ఆగిన లారీ తనంతట తానే స్టార్టయింది. వదిన లేచి స్విచ్చి వేసింది.

పైన తాచు పనిలో ఉంది. ఆ పనిముట్టుకు ఎంత పెద్ద ఫైలైనా రెప్పపాటు పనే, అన్నిటి చెట్లనూ ఒక్క కమాండుతో పరీక్షించవచ్చు. ఆమె అలా చేయలేదు. ఒక్కో చెట్టునూ వేరు నుంచి మొదలుపెట్టి, కొమ్మకొమ్మా, రెమ్మరెమ్మా, ఆకుఆకూ వేలుపెట్టి చదువుతోంది.

"ఇంకా ఎంతసేపు పడుతుందమ్మా?" అని ఓనరమ్మ తలుపు దగ్గర ఆగి అడిగింది.

"పెద్ద చెట్లండీ" అంది తాచు. కింద నుంచి మళ్ళీ అరుపు వినబడింది. గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఆ అరుపుతో ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయినట్టు నిట్టూర్చి, తాచు తెరను తిరిగి పైకి జరిపి, మళ్ళీ వేరు దగ్గర నుంచి చదవడం మొదలుపెట్టింది.